ప్రార్థన కూడా

ఆగస్టు 4, ఆదివారం

ఈరోజు నలభై మూడు ప్రేయర్ స్లిప్పులు. వాటిని మైకులో చదవడానికి పాస్టరు గారు నాకిచ్చేది రెండు నిమిషాలు. జనమేమో దేవుడికి వాళ్ళ అడ్రసు తెలియదన్నట్టు రాస్తారు. ఏ డాక్టరు, ఏ వీధి, స్కానింగులో ఏం వచ్చింది, అన్నీ. ఆరాధన మొదలయ్యేలోపు పెన్సిలుతో కొట్టేస్తాను. ఆరోగ్యం, ఉద్యోగం, వివాహం. ఇరవై ఏళ్ళుగా హైస్కూల్లో ఆన్సర్ పేపర్లు దిద్దుతున్న చెయ్యి ఇది. రూబీ సిస్టర్ చదివితే వార్తలు విన్నట్టుంటుందని అందరూ అంటారు. ఆ మాట నాకిష్టమే.

ఒక స్లిప్పులో చేతిరాత ముత్యాల్లా ఉంది. చేపలమ్మే అచ్చాయమ్మ కూతురు లోవలక్ష్మిది. ముప్పై ఏళ్ళుంటాయేమో, నడుము పడిపోయి రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. అచ్చాయమ్మకు ఇంట్లో మరిడమ్మ తల్లి పటం ఉంది, మా చర్చిలో చివరి వరస ఉంది. రెండింటినీ వదలదు. స్లిప్పు ఇది:

"మా ఇంటి పడమటి గోడ ఒరిగింది. నా మంచం ఆ గోడ కిందే. రెండు సరుగుడు కర్రలు ఊతంగా పోటు పెట్టడానికి ఎవరైనా మగవాళ్ళు వస్తే చాలు. ప్రార్థన కూడా చేయండి."

నేను చదివింది: అచ్చాయమ్మ గారి కుటుంబంలో గోడ విషయమై.

అందరూ ఆమెన్ అన్నారు.

ఆగస్టు 7, బుధవారం

స్కూలుకు బయల్దేరుతుంటే అచ్చాయమ్మ గుమ్మంలో చేపల తట్ట దించింది. ఆదివారం మా గోడ చదివారు కదండి టీచరుగారూ, మరి మగోళ్ళు ఎప్పుడొత్తారండి అని అడిగింది. అంతమంది ఆమెన్ అంటే సరే వస్తాం అన్నట్టే అనుకుంది పాపం. వస్తారు అన్నాను. తూకం అయ్యాక ఇంకో రెండు ముక్కలు పైన వేసింది. వద్దనలేదు. కూర బాగా కుదిరింది.

ఆగస్టు 11, ఆదివారం

ఏడు రోజులు చుట్టూ తిరిగి కేకలేస్తే కూలిన యెరికో గోడల మీద పాస్టరు గారు వాక్యం చెప్పారు. పోయిన వారం రూబీ సిస్టర్ చదివిన గోడ ఆయన మనసును వదల్లేదట. బాప్తిస్మం తీసుకోని ఒక కుటుంబానికీ ప్రభువుకూ మధ్య నిలిచిన గోడ అది, కూలాలి అన్నారు. స్త్రీల సమాజం ఏడు రోజుల ప్రార్థన పెట్టుకుంది. మైకులో నా పేరు వినేసరికి ఒళ్ళు పొంగింది. అది ఇటుకల గోడ అని ఆరాధన అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక అందరూ చుట్టూ చేరి వాయిస్ బాగుందన్నారు.

చెప్పలేదు.

ఆగస్టు 14, బుధవారం

సాయంత్రం ప్రార్థనకు వెళ్ళాను. గోడ కూలాలని అందరితో పాటు నేనూ అడిగాను. భయం వేసింది.

ఆగస్టు 18, ఆదివారం

ఏడో రోజు. డోలక్, కీబోర్డు, చప్పట్లు. కూలిపోవాలి ప్రభువా, కూలిపోవాలి అని చర్చంతా ఒకటే కేక. చివరి వరసలో అచ్చాయమ్మ లేచి నిలబడింది. చేతులు కట్టుకుని మమ్మల్ని చూస్తూ ఉంది.

బయట చెప్పుల దగ్గర నన్ను ఆపింది. నిలబెట్టమని కదండి మా పిల్ల రాసింది, మీరేంటండి పడిపోవాలంటన్నారు అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. అది వేరే గోడ అన్నాను. మాకున్నది ఒకే గోడండి, మిగతా మూడూ తడికలు అంది. కాలవ గట్టు మీద మూసేసిన పాత రైస్ మిల్లు ఉంది. దాని గోడకు ఆనించి కట్టుకున్నారట ఇల్లు.



ఆగస్టు 19, సోమవారం

పాస్టరు గారికి అంతా చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. ముందే చెప్పొచ్చు కదమ్మా అన్నారు. తిడితే బాగుండేది.

సెక్రటరీ పల్లంరాజు గారిని పిలిపించారు. చర్చి వెనక సరుగుడు కర్రలు నా ఎత్తున పేర్చి ఉన్నాయి, సెప్టెంబరు 11 నుంచి జరిగే మహాసభల పందిరికి. అందులో రెండిమ్మన్నాను. ఆవిడ సంఘంలో మెంబరు కాదు కదమ్మా, ఒకరికిస్తే రేపు గట్టంతా వచ్చి నిలబడతారు, సభలు అవనివ్వండి, రెండేంటి, నాలుగు ఇద్దాం అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. సరేనండి అని వచ్చేశాను. బయటికొచ్చాక కోపం వచ్చింది. అది ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు.

ఆగస్టు 25, ఆదివారం

ముత్యాల చేతిరాత: "గోడ ఇంకా ఉంది. నేనూ ఉన్నాను."

చదవలేదు. పర్సులో పెట్టుకున్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం

రెండు రోజులుగా ఒకటే వాన. ఆరాధన అయ్యాక గొడుగేసుకుని కాలవ గట్టుకు వెళ్ళాను. ఇన్నాళ్ళకి.

ఆ గోడ ఇంటికంటే రెండింతల ఎత్తు. పైన రావి మొక్క మొలిచింది. మధ్యలో కడుపుతో ఉన్న మనిషిలా ముందుకొచ్చింది. దాని కిందే మంచం. ఇటు జరపడానికి లేదు, ఇటంతా కారుతోంది, పొయ్యి కూడా ఇటే. లోవలక్ష్మి నన్ను చూసి జుట్టు సర్దుకుంది. కూర్చోండి మేడమ్ గారండి అంది. కూర్చున్నాక, నేను నాలుగు ముక్కలు రాశానండి, మీరు ఒకటే చదివారంట, నా రాత అర్థం కాలేదేంటండి అని అడిగింది. అర్థమైంది అన్నాను. లోవలక్ష్మి మొహం అటు తిప్పుకుంది, గోడ వైపు.

మా మేడ మీద గది ఖాళీ. మంచం ఉంది, ఫ్యాను ఉంది. మాట నోటి దాకా వచ్చింది. నీచు వాసన గుర్తొచ్చింది, ఎన్నాళ్ళుంటారో అనిపించింది. ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా. అనలేదు. రేపు మనిషిని పంపించి కర్రలు పెట్టిస్తానని చెప్పి వచ్చాను. అచ్చాయమ్మ రోడ్డు దాకా వచ్చి గొడుగు పట్టింది.

సెప్టెంబరు 4, బుధవారం

వాన. స్కూళ్ళకు సెలవు. కర్రలు పెట్టడానికి మనుషులు దొరకలేదు. మధ్యాహ్నం పడుకున్నాను.

సెప్టెంబరు 7, శనివారం

చవితి. మా వీధి చివర వినాయకుడి పందిరి గంటలో లేచింది, అంత వానలోనూ. మనుషులు దొరికారు, కర్రలూ దొరికాయి. ఏలేరు పొంగుతోందని టీవీలో చెబుతున్నారు. వాన తగ్గగానే రేపు నేనే వెళ్తాను. లోవలక్ష్మిని ఇంటికి తీసుకొచ్చేస్తాను. గది ఊడ్చాను, దుప్పటి మార్చాను.

సెప్టెంబరు 8, ఆదివారం, మధ్యాహ్నం 3

పొద్దున ఆరాధన మొదలయ్యాక ఒకావిడ తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడింది. అచ్చాయమ్మ పక్కింటి చిట్టెమ్మ అని తర్వాత తెలిసింది. పాట నడుస్తోంది. ఏదైనా ఉంటే రాసివ్వండని వాలంటీర్లు ఆవిడ చేతిలో స్లిప్పు పెట్టారు. రాసిచ్చింది. అది నా చేతికొచ్చేసరికి మైకు ముందున్నాను.

వంకర రాత. ఒక్క ముక్క కూడా కొట్టేయకూడదని ఒట్టు పెట్టుకుని ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చదివాను. "అచ్చాయమ్మ గోడ పడిపోయింది."

చర్చి లేచి నిలబడింది. హల్లెలూయా. చప్పట్లు. డోలక్ అందుకున్నారు. స్త్రీల సమాజం వాళ్ళు ఏడుస్తూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. రెండో ముక్క ఉంది. "ఎవరైనా రండి." చదివాను. మళ్ళీ చదివాను. అరిచాను. ఎవరికీ వినపడలేదు. పాస్టరు గారి మొహం మాత్రం తెల్లబోయింది.

మైకు వదిలేసి గుమ్మం దగ్గరకు పరుగెత్తాను. చిట్టెమ్మ చప్పట్లు కొడుతున్నవాళ్ళనే చూస్తోంది. తెల్లారగట్ల పడిందమ్మా, అచ్చాయమ్మ నీళ్ళకెళ్ళింది, పిల్ల మంచం మీదే ఉంది అంది. తీశారా అని అడిగాను. తీశాం, ఊపిరి లేదమ్మా అంది.

వీళ్ళెందుకండి చప్పట్లు కొడతన్నారు అని అడిగింది. నా వల్ల అన్నాను.

సెప్టెంబరు 9, సోమవారం

పోస్టుమార్టం అయ్యి లోవలక్ష్మిని ఇచ్చారు. సరుగుడు కర్రలు ఈరోజు కాలవ గట్టుకు వెళ్ళాయి, శవం మీద వాన పడకుండా పందిరి వేయడానికి. పల్లంరాజు గారే దగ్గరుండి మోయించారు. మగవాళ్ళు పదిమంది పైనే వచ్చారు. మెంబరా కాదా అని ఎవరూ అడగలేదు.

ప్రార్థన కూడా చేశాం.