కుడివైపు తెగిపోయిన పేజీ

మంగళవారం

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. సాయంత్రం భోపాల్‌పట్నం నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. గనికి భూములు తీసుకునే ముందు ఊళ్లవాళ్ల మాట వినే జన్‌సున్వాయి గురించి, మా కంపెనీ వెబ్‌సైట్‌లో నేను పెట్టిన పేజీని అక్కడి నెట్ దుకాణంలో తెరిచి చూశారట.

“ఏందిరా ఇది? మీ సాబ్ మొకం తప్ప ఇంకేం కనబడ్తలేదు. తారీఖు ఇంకా పెట్టలేదనుకొని అందరు ఇండ్లకు పోయిన్రు.”

తారీఖు ఉంది, ఈ శుక్రవారమే. కానీ కుడివైపు ఉంది. ఆ పాత చిన్న తెరలో పేజీ సగానికే తెగిపోతుంది. కింది పట్టీని పక్కకు జరపాలని వాళ్లకెవరు చెప్పారు?

వెడల్పును శాతాల్లో ఇస్తే పేజీ ఏ తెరకైనా సర్దుకుంటుందని సాబ్‌కు మొదట్లోనే చెప్పాను. “ఆ డబ్బా కంప్యూటర్ల కోసం నా ఫొటో చిన్నది చేస్తావా? నా తెరకు సరిపోతే చాలు” అన్నాడు. ఇవాళ మళ్లీ అడిగితే, “పెద్ద తెరలో చూడండి అని కింద ఒక లైను రాసెయ్” అన్నాడు. ఆ లైను చదివి ఊళ్లవాళ్లు పెద్ద తెర కొనుక్కొస్తారా?

రాయలేదు. వెడల్పు మాత్రం ఆయన చెప్పినట్టే ఉంచాను. తారీఖు, చోటు ఎడమకు తెచ్చి, ఫొటోను కుడి అంచుకు నెట్టాను. పొద్దున్నే మళ్లీ చూడమని చిన్నాయనకు చెప్పాను. ఎందుకు మార్చావని సాబ్ అడుగుతాడేమో, అడగనీ. ఆయన తెరలో అంతా నిండుగానే కనిపిస్తుంది. భోపాల్‌పట్నంలో తెగిపోయేది ఆయన ముఖమే.