మా ఇంటి పిల్లి వైరస్, మా కేంద్రం వైరస్ ఒకటేనా అని తెలుపుట గురించి

పశువ్యాధుల పరీక్షాశాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రెండు చోట్ల పిల్లులకు సోకిన వైరస్‌ల జన్యువులను పోల్చి చూడవలెనని కోరుట.

దిక్కులేని పిల్లుల సంరక్షణ కేంద్రంలో గదులు కడుగు నేను మనవి చేయునది ఏమనగా:

1. గత నెలలో కేంద్రంలోని పిల్లులకు ముక్కు కారి, నాలుకపై పుండ్లు లేచినవి. ఆ వెంటనే మా ఇంట్లో మా అమ్మాయి పెంచుకొను నల్లపిల్లి 'మసి'కి అదే జబ్బు చేసి, చనిపోయినది. మసి గడప దాటి ఎరుగదు. బయట పిల్లులను తాకి ఇంటికి వచ్చువాడను నేనొక్కడినే.

2. రెండు చోట్ల నమూనాలు తమ వద్దనే ఉన్నవి. పోల్చమని అడుగగా, "ఇది పిల్లుల్లో మామూలుగా ఉండే వైరస్సే, పోల్చనవసరం లేదు" అని జవాబు వచ్చినది. మామూలుదే కావచ్చును. కాని మా కేంద్రం పిల్లులను చూచు డాక్టరమ్మ చెప్పినది వేరు. "పేరొక్కటే గానీ అన్నిచోట్లా ఒకటే వైరస్ కాదయ్యా. పిల్లి నుంచి పిల్లికి పాకేకొద్దీ జన్యువులు మారిపోతుంటాయి. రెండు చోట్లవీ దాదాపు ఒకేలా ఉంటే, ఇక్కణ్ణుంచి అక్కడికి పోయినట్టే." పుర్రెకో బుద్ధి అన్నది మనుషులకే అనుకొంటిని.

3. నేను రోజూ ఇంటికి బయలుదేరే ముందు మోచేతుల దాకా స్పిరిట్ రాసుకొనేవాడను. "ఆపరేషన్‌కా అన్నా?" అని వాచ్‌మన్ నవ్వేవాడు. ఈ వైరస్ స్పిరిట్‌కు సరిగా చావదని, బ్లీచింగ్ నీళ్లు కావాలని మసి పోయాక తెలిసినది. ఇప్పుడు ఆ నీళ్లతో కడిగీ కడిగీ చేతులు మొద్దుబారినవి. టీ గ్లాసు వేడి కూడా తెలియదు. ఏడుపూ రావడం లేదు. ఇది తమ శాఖ పరిధిలోనిది కాదని తెలియును.

4. మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడడమే లేదు. నేను గదిలోకి వస్తే లేచి వెళ్తుంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. పిల్ల మౌనానికి తెగుతున్నవి.

5. కావున పోల్చి చూడగలరు. రెండూ ఒకటే అయినచో జవాబు కేంద్రానికి, నా పేరున; వేరైనచో మా ఇంటికి, అమ్మాయి పేరున పంపవలెనని కోరుచున్నాను.

మామూలు వైరస్ అని పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గదులు కడుగువాడు

తా.క.: కవరు అంటించబోతుంటే అమ్మాయి తీసుకుని చదివింది. ఐదో అంశం దగ్గర ఆగింది. "ఏది తేలినా ఇంటికే పంపమను నాన్నా. నువ్వొక్కడివే ఎక్కడో కూర్చుని చదువుకుంటావా?" అంది. అయ్యా, ఐదో అంశంలో చిరునామాల మాట కొట్టేయండి. జవాబు ఏదైనా ఇంటికే పంపండి.