నీ బండిలో కంపెనీ ప్లేట్లు

అన్నా,

ఈరోజు నీ పుట్టినరోజు. నువ్వు పోయాక ఇది రెండోది. అమ్మ డ్యూటీకి వెళ్లాక నీ ఆఫ్‌రోడ్ బండి నేను నడుపుతున్నానని ఇన్నాళ్లూ ఇంట్లో చెప్పలేదు. అమ్మకు తెలిస్తే బండి అమ్మేస్తుందని భయపడ్డాను.

పోయిన వారం క్లచ్ జారింది. ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. ప్రొద్దుటూరులో నీ మెకానిక్ మస్తాన్ మామ దగ్గరికి తీసుకెళ్లాను.

"క్లచ్‌కి కంపెనీ ప్లేట్లు ఏయాల్నా, బయటివా పాపా?"

"కంపెనీవే మామా. మా అన్న అవి తప్ప ఏయించడు" అన్నాను గొప్పగా.

మామ పగలబడి నవ్వాడు. "యాడి కంపెనీ పాపా! మీ అన్న ఎప్పుడూ బయటివే. చెల్లెలికి చెప్పొద్దు మామా అని ఒట్టేయించుకున్యాడు."

ఎంత కోతలు కోశావురా అన్నా! షెడ్డులోనే కూర్చుని నేనూ నవ్వాను.

"బయటివి కూడా గట్టివే, కానీ టక్కున పట్టుకుంటాయి. కంపెనీవి మెల్లగా పట్టుకుంటాయి. నువ్వు కొత్త కదా" అన్నాడు మామ. కంపెనీవే వేయించాను.

ఇవాళ జమ్మలమడుగు దారిలో, నువ్వు రెండుసార్లు ఆగిపోయిన రాళ్ల మిట్టను ఒక్క ఊపులో ఎక్కేశాను!

ఇంటికొచ్చేసరికి అమ్మ డ్యూటీ నుంచి ముందే వచ్చి వాకిట్లోనే ఉంది. నా చున్నీకున్న గ్రీజు చూసింది. చున్నీ వెనక్కి దాచబోయాను.

"హెల్మెట్ పెట్టుకున్యావా?" అంది. అంతే.

ఇకనుంచి నీ కోతలన్నీ నేనే కోస్తా అన్నా. నావి నిజం కూడా.