రేడియోలో మీ బావ

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే కంప్యూటర్‌లో రేడియో పేజీ తెరిచి, నువ్వు చెప్పిన స్టేషనే నొక్కాను. కుట్టు మిషన్ తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయిరా. మాట్లాడుతున్నది మీ బావ. ఆఫీసులో లెక్కలు రాస్తానని చెప్పే మనిషి అక్కడ గలగలా నవ్విస్తున్నారు. నీకు ముందే తెలుసన్నమాట.

శ్రోతల్ని ఆ పేజీలోనే రాయమంటే, నా పేరు పెట్టకుండా ఒక పాట అడిగాను. వెంటనే చదివి, "తప్పకుండా వేస్తానండీ. ఇంతకీ మీరు భోంచేశారా?" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగిన పాపాన పోలేదు. జవాబు రాయకుండానే పేజీ మూసేశాను.

సాయంత్రం వచ్చి, కంచం ముందు కూర్చుని, మాట్లాడకుండా తిని లేచారు. రేడియో సంగతి ఎత్తకుండా నేను కంచం తీసేశాను.

రేపు మళ్లీ రేడియో పెట్టుకుంటాను. ఇంకా తినలేదని రాస్తాను.

మీ అక్క