మందారకి జీను నిలవడం లేదు

పి.గన్నవరం

చిరంజీవి అమ్మాయి సలోమికి మీ నాన్న సూర్యనారాయణ ప్రభువు నామమున దీవించి రాయునది.

నువ్వు అరకు కొండల మీద గుర్రాలతో జనాన్ని తిప్పే ఉద్యోగంలో చేరేవని రేవు దాకా వెళ్ళి మరీ అందరికీ చెప్పొచ్చేనమ్మా. మీ కొండమీద సెల్లు పలకదు గనక ఉత్తరమే రాస్తున్నాను. నీ గుర్రం మందారకి జీను జారుతోందని రాసేవు. పట్టీ వదులైందంటే గుర్రం చిక్కిందన్నమాటే. గానుగ నుంచి నూనె తీసిన కొబ్బరి చెక్క ఒక బస్తా పంపేను. కడుపునిండా పెట్టు.

ఇట్లు, మీ నాన్న

తా.క.: అందులో మీ అమ్మ బెల్లం కలిపింది. మీ మేనేజరు గారు తిన్నా బాగుంటుందట.

అరకు

నాన్నగారికి సలోమి వందనాలు.

మందార చిక్కలేదండీ. ఎత్తెక్కితే జీను వెనక్కి పోతోంది, దిగితే మెడమీదికొస్తోంది. ఛాతీకి పట్టీ కట్టాలో, తోక కింద కట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. వచ్చే నెల రెండో శనివారం మొదటిసారి గుంపుని నేను నడిపించాలి. దారిలో జీను జారిందో, మళ్ళీ సాలలో లద్దె ఎత్తే పనేనన్నారు మేనేజరు గారు. చెక్క ఇంక పంపొద్దు.

మీ సలోమి

తా.క.: బస్తా ఖాళీ. ఇప్పుడు పోస్టుమేన్‌ని చూస్తే మందార సకిలిస్తోంది.

పి.గన్నవరం

బంగారుతల్లికి నాన్న దీవెనలు.

తేల్చుకోవడం దేనికమ్మా, రెండూ కట్టెయ్. మీ బాబాయి లోవరాజు చేత తోలు పట్టీలు కుట్టించేను. కొలతకి గుర్రం లేక మన గేదెకి కట్టేం. పక్కింటి గంగబాబు గారు దానిమీద కూర్చుని ఏటిగట్టు ఎక్కి దిగేరు. పట్టీలు కదల్లేదు. గంగబాబు గారే పంటకాలవలోకి వెళ్ళేరు. మందార అంత ఇష్టంగా తిందన్నావు గనక పట్టీలతో పాటు ఇంకో రెండు బస్తాలు పంపేను.

మురిసిపోతున్న మీ నాన్న

తా.క.: గేదె ఆ పట్టీలు ఓ పట్టాన విప్పనివ్వలేదు. వీధిలో అందరూ చూస్తున్నారని దానికి గొప్ప.

అరకు

నాన్నగారికి వందనాలు.

మందార గుమ్మడికాయలా అయిపోయి, కడుపు పట్టీ అందక జీను పక్కకి దొర్లిపోయింది. "మీ నాన్నగారి మేపు ఇదంతా" అని మేనేజరు గారు పశువుల డాక్టరు గారిని పిలిపించేరు. ఆయన కడుపు తడిమి చూసి, చెక్క తప్పేం లేదన్నారు. మందార చూడితో ఉందట, అదీ తొలిచూలు. కొండ ఎక్కించొద్దన్నారు. శనివారం నాకు వేరే గుర్రం ఇచ్చేరు. మీ పట్టీలే కత్తిరించి రెండూ కట్టేను. కొండెక్కి దిగినా జీను ఉన్నచోటే ఉంది. ఉద్యోగం నిలబడింది నాన్నగారూ.

మీ సలోమి

తా.క.: తండ్రి ఎవరో కూడా తెలిసింది. మేనేజరు గారి సొంత గుర్రమేనట.

పి.గన్నవరం

నా తల్లికి, కడుపుతో ఉన్న మందారకి దీవెనలు.

నువ్వు గెలిచేవు, నేను తాతనవుతున్నాను. ఒక్కరోజులో ఇన్ని సంతోషాలు ఎలా మొయ్యనమ్మా. వీధంతా పూతరేకులు పంచేను. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని మీ అమ్మ పట్టు. మందారకి మనం కాక ఎవరున్నారు? పాకకి సున్నం వేయించేను, మీ అమ్మ బాలింత కాయం నూరుతోంది. మగపిల్లవాడి తరఫు గనక మేనేజరు గారికి వియ్యంకుడి మర్యాదలతో బట్టలు పెడుతున్నాను.

ఇట్లు, మందార తండ్రి

తా.క.: ఈ ఉత్తరం మందార కోసం పంపే లారీ డ్రైవరు చేతికే ఇచ్చేను. నువ్వు చదువుతున్నావంటే లారీ మీ గేటు ముందే ఉన్నట్టు.