మూడో వరుస, ఆరో కుర్చీ

మార్చి 3, మంగళవారం

మా కాలనీ నాటకానికి మాస్టారు స్క్రిప్టు చదివి వినిపించారు. కుట్టు ఫ్యాక్టరీలో పనివేళల్లో తలుపులకు తాళం వేయొద్దని అడిగినందుకు ఒక అమ్మాయి ఉద్యోగం పోతుంది. సంచి పట్టుకుని అక్క ఇంటికి వస్తుంది. బావ అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. అక్క గుమ్మంలోనే నిలబెట్టి, కొన్నాళ్లాగి రావే అంటుంది.

తెలిసినవాళ్ల కథ అని మాస్టారికి నేనే చెప్పాను. ఆ తెలిసినవాళ్లు నేనూ, మా చెల్లీ. పదకొండేళ్లయింది.

నాకు ప్రాంప్టింగ్ ఇచ్చారు, తెర పక్కన నిలబడి మర్చిపోయిన మాట అందించే పని. పద్ధతిగా ఉంటానట.

మార్చి 9

అక్క వేషం టైలరమ్మది. ఇంత రాతిగుండె మనిషి ఎక్కడైనా ఉంటుందా, మాస్టారు మరీ ఎక్కువ రాశారు అంది. చెల్లి వేషం వేసే నర్సు నవ్వి, ఉంటారు పిన్నీ, మా ఆడపడుచుని చూళ్లేదు నువ్వు అంది. నేను పేజీలు సర్దుకుంటూ కూర్చున్నాను.

మార్చి 14, మధ్యాహ్నం 3

చెల్లికి టికెట్ పోస్ట్ చేశాను. మూడో వరుస, ఆరో కుర్చీ. నాటకం ఆడే రెండు రోజుల్లో ఏ రోజైనా చెల్లుతుంది. అడ్రసు పాతదే. దాంతోపాటు ఉత్తరం పెడదామని నాలుగు కాగితాలు రాసి చించేశాను. మా ఆయన ఆ ముక్కలు చూసి, వస్తుందంటావా అని మాత్రం అడిగారు.

మార్చి 18

జవాబు లేదు.

మార్చి 21, శనివారం

మొదటి షో. నేను నిలబడ్డ చోటు నుంచి ఆరో కుర్చీ కనిపిస్తుంది. ఖాళీ.

గుమ్మం సీన్లో టైలరమ్మ మాట మర్చిపోయింది. నా వైపు చూసింది. ఇరవై రెండో పేజీ, నా వేలు ఆ లైను మీదే ఉంది. లోపలికి రావే, అని అందించాను.

ఆవిడ అనేసింది. నర్సు బిత్తరపోయి, సంచితో సహా లోపలికొచ్చి కూర్చుంది. తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియదు. టైలరమ్మ మంచినీళ్లిచ్చింది. గ్లాసులో నీళ్లు లేవు. నర్సు తాగింది. తెర వేసేశారు.

మాస్టారు అరవలేదు. ఆ పిల్ల లోపలికొచ్చేస్తే ఇంక నాటకమేముందమ్మా, న్యాయం అడిగిన మనిషికి సొంతవాళ్లు కూడా తలుపేశారనే కదా మనం చెప్పేది అన్నారు. ఆయన అన్నది నిజమే. రేపు ఇంకెవరినైనా పెట్టనా అన్నారు. వద్దు, రాసిందే చెబుతానన్నాను.

మార్చి 22, ఆదివారం

టైలరమ్మ ఈసారి మర్చిపోలేదు. కొన్నాళ్లాగి రావే అంది. అచ్చం నాలాగే, మొహం చూడకుండా.

మూడో వరుసలో ఎవరో లేచి బయటికి నడిచారు. ఆ నడక నాకు తెలుసు. స్క్రిప్టు స్టూలు మీద పడేసి పరిగెత్తాను.

బస్‌స్టాపులో అందింది. జుట్టు సగం నెరిసింది. ఎలా ఉన్నావని నేనూ అడగలేదు, తనూ అడగలేదు. ఆ రోజు నువ్వు నా చేతిలో పెట్టిన టిఫిన్ డబ్బా నాటకంలో లేదేంటక్కా, అంది. అది తన దగ్గరే ఉందట. బస్సొచ్చింది. ఎక్కేసింది.

డబ్బా ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు.

మార్చి 23

పాత డైరీ తీశాను. చెల్లి సంచితో వచ్చిన తేదీ కింద ఒక్క వాక్యమే ఉంది. స్టీలు డబ్బాల్లో ఒకటి తక్కువ.