ఉంగరం వేలు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ హార్మోనియం మూలన పడలేదు. నీ దగ్గర చివరగా నేర్చుకున్న సునీత, మన అమరచింత చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక ఆరుగురు పిల్లలకు దాని మీదే నేర్పుతోంది.

ఎలా వాయిస్తున్నారో చూద్దామని ఇవాళ వెళ్లాను. ఓ వింత కనబడింది. వంతులవారీగా వాయిస్తున్న పిల్లలందరూ ఉంగరం వేలు మెట్లకు తగలకుండా పైకెత్తే ఉంచుతున్నారు. ఎందుకని ఓ చిన్నదాన్ని అడిగాను.

"గట్లనే వాయించాలె అత్తా. మా సునీతక్క గట్లనే వాయిస్తది."

సునీత నాలుక కరుచుకుంది. "సారు చెయ్యి చూసుకుంట నేర్చుకున్న గదక్కా. సారుకు ఆ వేలు లేదని తెల్సు గాని, నాది గూడ లేస్తున్నదని నాకే తెల్వదు."

నేను పుట్టకముందు బొంబాయిలో కాంక్రీటు మిషన్‌లో పోయిన నీ వేలు, ఇక్కడ ఏడుగురి చేతుల్లో పనికి రాకుండా పోయింది! నవ్వొచ్చింది నాకు.

"అన్ని వేళ్లు పెట్టుండ్రి" అంది సునీత. పిల్లలు తడబడుతూనే, ఒకరి తర్వాత ఒకరు, నువ్వు ప్రతివారం వాయించిన పాటను మళ్లీ ఎత్తుకున్నారు.

వేలు పోకముందు నువ్వెలా వాయించేవాడివోనని నాకెప్పుడూ ఆరాటమే. ఇవాళ కొంచెం వినబడింది.